నొప్పి లేదు కదా అని వదిలేస్తే... దవడలో సబ్బు బుడగలు!

పన్ను నొప్పి వస్తే ఎవరూ ఆగరు. రాత్రంతా లవంగం నొక్కి పెట్టుకుని, తెల్లారగానే డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారు. చిక్కంతా నొప్పి లేని వాపుతోనే. తాండూరులో గానీ, వికారాబాద్‌లో గానీ చెంప కాస్త ఉబ్బిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట ఇది: "నొస్తలేదు కదా, అదే తగ్గుతది తియ్." గవదబిళ్లలేమో అని ఒకరు, గాలి పట్టిందేమో అని ఇంకొకరు. మెడికల్ షాపులో ఓ నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. వాపు తగ్గదు. అలాగని బాధా పెట్టదు. ఒక ఏడాది, రెండేళ్లు... సెల్ఫీల్లో ముఖం ఓ పక్క లావుగా కనిపించడం మొదలవుతుంది. ఫిల్టర్ పెట్టి పోస్ట్ చేసేస్తారు.

ముందే ఓ మాట చెప్పేస్తాను, భయపడకండి. దవడ వాపుల్లో ఎక్కువ శాతం పిప్పి పన్ను కింద చేరిన చీమువల్లో, దానివల్ల ఏర్పడిన నీటి తిత్తివల్లో వచ్చేవే. కానీ కొద్దిమందిలో అది వేరే కథ. పన్నును తయారుచేసే కణజాలం నుంచే గడ్డ పుడుతుంది. డాక్టర్లు వీటిని ఒడాంటోజెనిక్ ట్యూమర్లు అంటారు. తెలుగులో చెప్పాలంటే పంటి పుట్టుక నుంచి పుట్టిన కణితులు. చాలావరకు క్యాన్సర్ కావు. అయినా కొన్ని నెమ్మదిగా, నొప్పి లేకుండా, దవడ ఎముకను లోపల్నుంచి తినేస్తాయి. వాటిని తొందరగా పట్టించేది ఒక ఎక్స్‌రే. అది తీయించుకోవడానికి పట్టేది అర నిమిషం లోపే.

పని అయిపోయాక మిగిలిన కూలీలు

పళ్లు మనకు ఆరు నెలల వయసులో వస్తాయని అనుకుంటాం. వాటి పని మొదలయ్యేది అమ్మ కడుపులో ఆరో వారంలోనే. అప్పటికి పిండం పొడవు సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. నోటి లోపలి పైపొర ఒక చోట మందంగా మారి, రిబ్బన్‌లా దవడలోకి దిగుతుంది. ఆ రిబ్బన్ మీద మొగ్గలు లేస్తాయి. మొగ్గ టోపీ ఆకారంలోకి, తర్వాత గంట ఆకారంలోకి మారుతుంది. గంట లోపలి వరుసలోని కణాలు ఎనామిల్ పోస్తాయి. వాటికి ఎదురుగా ఉన్న మెత్తటి కణజాలం డెంటిన్‌నూ, మధ్యలో ఉండే నరాల గుజ్జునూ తయారుచేస్తుంది. చుట్టూ ఉన్న సంచి లాంటి పొర నుంచి వేరు మీది సిమెంటం వస్తుంది. అవును, డాక్టర్ల భాషలో కూడా అది సిమెంటే.

తాండూరు పిల్లలకి దీన్ని అర్థం చేయించడం తేలిక. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ చూశారుగా. రాయి కోసి, నునుపు చేసి, లారీ ఎక్కించాక యార్డులో ముక్కలు మిగిలిపోతాయి. పన్ను విషయంలోనూ అంతే. పని పూర్తయ్యాక ఆ కణాలన్నీ మాయమైపోవు. కొన్ని చిగుళ్లలో, కొన్ని పంటి వేరు చుట్టూ చిన్నచిన్న గుంపులుగా మిగిలిపోతాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ మలాసే 1885లో వేర్ల చుట్టూ ఉన్న ఈ గుంపుల గురించి రాశాడు. ఇప్పటికీ వాటిని మలాసే అవశేషాలు అనే పిలుస్తారు. మీ నోట్లోనూ ఉన్నాయి, నా నోట్లోనూ ఉన్నాయి. దాదాపు అందరిలో అవి జీవితాంతం పడుకునే ఉంటాయి.

ఎవరో కొందరిలో అలాంటి కణాలు లేచి మళ్లీ పని మొదలుపెడతాయి. ఎనామిల్ వైపు కణాలు మాత్రమే లేస్తే ఒక రకం కణితి, మెత్తటి కణజాలం వైపువి లేస్తే ఇంకో రకం, రెండూ కలిసి లేస్తే మూడో రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1971 నుంచి ఇస్తున్న వర్గీకరణల వెనుక ఉన్న లెక్క ఇదే. 2022లో వచ్చిన తాజా లిస్టులో పేర్లు చాలా ఉన్నాయి, కానీ మనకు అవన్నీ అక్కర్లేదు.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు ఒకటుంది. "గుట్కా ముట్టను, సిగరెట్ తాగను, నాకెందుకు వచ్చింది?" గుట్కా, పొగాకు తెచ్చిపెట్టేది నోటి చర్మం లాంటి పొరలో పుట్టే క్యాన్సర్. అది బయటే పుండుగా, తెల్ల మచ్చగా కనిపిస్తుంది. పంటి కణజాల కణితి ఎముక లోపల పుడుతుంది. రెండింటికీ సంబంధం లేదు. గుట్కా తినని ఇరవై ఏళ్ల అమ్మాయికైనా రావచ్చు. అలాగని గుట్కాకు క్లీన్ చిట్ ఇచ్చినట్టు కాదు!

నలుపు తెలుపుల భాష

వికారాబాద్ ప్రాంతంలో పెద్దవాళ్లకు ఎక్స్‌రే అంటే ఛాతీ ఫొటోనే. నిజాం జమానా నుంచీ అనంతగిరి కొండ మీద టీబీ ఆస్పత్రి ఉండడం వల్ల ఊపిరితిత్తుల్లో మచ్చ అనే మాట ఇక్కడి జనానికి బాగా తెలుసు. దవడకూ అలాంటి ఫొటో ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. దాని పేరు ఓపీజీ. గడ్డం ఆనించి నిలబడితే మిషన్ తల చుట్టూ అర చుట్టు తిరుగుతుంది. పై దవడ, కింది దవడ, ముప్పై రెండు పళ్లు, ఇంకా రాని జ్ఞానదంతాలు, అన్నీ ఒకే వెడల్పాటి ఫొటోలో వస్తాయి. ఖర్చు వందల్లోనే. రేడియేషన్ అంటారా? ప్రకృతిలో మనమీద రోజూ పడేదాంతో పోలిస్తే కొన్ని రోజుల వాటా, అంతే. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

ఎక్స్‌రేలో కాల్షియం ఎక్కువున్న చోట తెల్లగా, తక్కువున్న చోట నల్లగా పడుతుంది. తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే కాబట్టి, దాన్ని ఎక్స్‌రే తీస్తే పన్నులాగే తెల్లగా వస్తుంది. దవడ ఎముకను గడ్డ తినేసిన చోట నల్లటి మచ్చ కనిపిస్తుంది. గడ్డ తానే ఎనామిల్‌నో సిమెంటంనో పోస్తుంటే తెల్ల ముద్ద కనిపిస్తుంది. కొన్ని నల్లటి మచ్చలో తెల్ల చుక్కలు.

రేడియాలజీ తెలిసిన డాక్టర్ ఈ మచ్చను చూసే తీరు పోలీసు విచారణలా ఉంటుంది. ఎక్కడుంది? ముందు పళ్ల దగ్గరా, వెనక జ్ఞానదంతం దగ్గరా? గట్టు ఎలా ఉంది? పెన్నుతో గీసినట్టు తెల్లటి సన్నని గీత ఉంటే అది నెమ్మదిగా పెరిగిందని, ఎముకకు గోడ కట్టుకునే టైమ్ దొరికిందని అర్థం. చెదలు కొట్టినట్టు గట్టు చెదిరిపోతే డాక్టర్ ముఖం సీరియస్ అవుతుంది. లోపల ఒకే గదా, చాలా గదులా? చివరగా, చుట్టుపక్కలవాళ్లతో ఎలా ప్రవర్తించింది? పళ్లను పక్కకు నెట్టిందా, వేర్లను కోసేసిందా, కింది దవడలో నరం వెళ్లే కాలువను కిందికి తోసిందా?

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎముకలో ఖనిజం దాదాపు 30 నుంచి 50 శాతం పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో నల్లగా కనపడదు. అంటే ఫొటోలో కనిపించే గట్టు దగ్గరే గడ్డ ఆగిపోయిందని కాదు. ఈ పాయింట్ ఆపరేషన్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అసలు విలన్: అమెలోబ్లాస్టోమా

ఈ కుటుంబంలో బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఎనామిల్ పోసే కణాల పోలికలతో ఉంటుంది కానీ ఎనామిల్ మాత్రం పోయదు. పని చేయకుండా ఇల్లు ఆక్రమించే రకం. ఎక్కువగా కింది దవడలో, అదీ వెనక దంతాల దగ్గర, దవడ పైకి తిరిగే మూలలో వస్తుంది. పది కేసుల్లో ఎనిమిది కింది దవడవే. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వాళ్లలో ఎక్కువ. అంటే సరిగ్గా ఇది ఫోన్లో చదువుతున్న వయసు.

ఓపీజీలో దాని క్లాసిక్ రూపం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. నల్లటి మచ్చలో సన్నని తెల్ల గోడలు, గుండ్రటి గదులు. గదులు పెద్దవైతే సబ్బు బుడగలు అంటారు, చిన్నవైతే తేనెపట్టు అంటారు. దవడ గోడ బయటికీ, నాలుక వైపుకూ ఉబ్బుతుంది. గడ్డ తగిలిన పళ్ల వేర్లు కత్తితో కోసినట్టు సగానికి తెగి ఉంటాయి. ఎముక పొర బాగా పలచబడ్డాక వేలితో నొక్కితే గుడ్డు పెంకు చిట్లినట్టు అనిపిస్తుంది. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పి ఉండదు. పన్ను కదులుతోందనో, కట్టుడు పన్ను సరిగా కూర్చోవట్లేదనో వస్తారు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. పన్ను కదులుతోందని వెళ్తే, ఎక్స్‌రే లేకుండా పీకేస్తారు. గాయం మానదు, వాపు పెరుగుతుంది. "పన్ను పీకినందుకే గడ్డ అయ్యింది" అని ఊరంతా చెప్పుకుంటారు. నిజానికి చాలాసార్లు గడ్డే ముందు వచ్చింది, పన్నును కదిపింది అదే. పెద్ద పన్ను పీకే ముందు ఒక చిన్న ఎక్స్‌రే అడగడం పేషెంట్ హక్కు అనే నేను అంటాను. డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

అమెలోబ్లాస్టోమాలో ఇంకో రకం మోసం ఉంది. టీనేజ్‌లో, ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఒకే గదితో, ఇరుక్కుపోయిన జ్ఞానదంతం చుట్టూ గుండ్రంగా వస్తుంది. చూడ్డానికి అచ్చం మామూలు నీటి తిత్తిలాగే. సిస్ట్ అని తీసేసి, ల్యాబ్‌కు పంపకుండా పారేస్తే కథ అక్కడితో ముగిసిందనుకుంటాం. కొన్నేళ్లకు అదే చోట బుడగలు మొదలవుతాయి. దవడలోంచి తీసిన ఏ ముక్కనైనా, ఎంత చిన్నదైనా, పరీక్షకు పంపాల్సిందే.

పై దవడలో ఇది తక్కువగా వస్తుంది కానీ వస్తే ఎక్కువ భయం. అక్కడ ఎముక స్పాంజిలా ఉంటుంది, పక్కనే సైనస్, పైన కన్ను, ఆ వెనక పుర్రె అడుగు. అడ్డుకునే గట్టి గోడ లేదు.

రాని కోరపన్ను రహస్యం

పై కోరపన్ను సాధారణంగా 11, 12 ఏళ్లకు వస్తుంది. పద్నాలుగు నిండినా రాలేదా? "మా బిడ్డకు పళ్లు లేటు" అని వదిలేయకండి. మామూలుగా జాగా లేక ఇరుక్కుని ఉండొచ్చు. కానీ కొన్నిసార్లు దారికి అడ్డంగా ఎవరో కూర్చుని ఉంటారు.

అడినోమటాయిడ్ ఒడాంటోజెనిక్ ట్యూమర్ అని ఒకటుంది. పేరు చూసి భయపడాల్సిన పని లేదు, ఈ కుటుంబంలో మంచి బాలిక ఇదే. బాలిక అని ఊరికే అనలేదు. డెంటల్ స్టూడెంట్లు దీన్ని మూడింట రెండు గడ్డ అని గుర్తుపెట్టుకుంటారు. దాదాపు మూడింట రెండొంతులు ఆడపిల్లల్లో, మూడింట రెండొంతులు పై దవడలో, మూడింట రెండొంతులు రాని పన్నుతో కలిసి, అందులోనూ ఎక్కువగా కోరపన్నుతో. వయసు పది నుంచి పంతొమ్మిది మధ్య.

ఎక్స్‌రేలో రాని కోరపన్ను చుట్టూ నల్లటి గుండ్రటి సంచి కనిపిస్తుంది. మామూలు నీటి తిత్తి అయితే ఆ సంచి పంటి మెడ దగ్గర, అంటే ఎనామిల్ ముగిసి వేరు మొదలయ్యే గీత దగ్గర అతుక్కుని ఉంటుంది. ఇది ఆ గీత దాటి వేరు మీదికి దిగుతుంది. లోపల సన్నటి తెల్ల చుక్కలు, మంచు రవ్వలు చల్లినట్టు. ఆ చుక్కలు ఓపీజీలో కనిపించకపోవచ్చు, నోట్లో పెట్టి తీసే చిన్న ఫిల్మ్‌లో బాగా తేలతాయి. తీసేస్తే గింజ ఊడొచ్చినట్టు తొడుగుతో సహా వచ్చేస్తుంది, తిరిగి రావడం చాలా అరుదు. అదే దీన్ని అమెలోబ్లాస్టోమా అని పొరబడితే? అవసరం లేని పెద్ద ఆపరేషన్. అందుకే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల గీత మీద డాక్టర్లు అంతగా దృష్టి పెడతారు.

పళ్ల మూట

2019లో చెన్నైలోని సవీత డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో ఏడేళ్ల పిల్లాడి కింది దవడలోంచి 526 చిన్న పళ్లు తీశారు. వార్త ప్రపంచమంతా తిరిగింది, మీ వాట్సాప్ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. అంతకు ఐదేళ్ల ముందు, 2014లో, ముంబై జేజే ఆస్పత్రిలో పదిహేడేళ్ల కుర్రాడి దవడ నుంచి 232 తీశారు. రెండూ ఒకే జాతి గడ్డ. పేరు ఒడాంటోమా. 1860ల్లో ఈ పేరు వాడుకలోకి తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన పాల్ బ్రోకా. మెదడులో మాటలు పలికించే భాగాన్ని కనిపెట్టిన బ్రోకానే. మాటా, పన్నూ రెండూ ఆయన ఖాతాలోనే పడ్డాయి.

ఇందులో పంటి కణజాలాలన్నీ కలిసి పనిచేస్తాయి, కానీ మేస్త్రీ ఉండడు. కాంపౌండ్ రకంలో బుల్లి బుల్లి పళ్లే తయారై ఒక సంచిలో ఉంటాయి. ఎక్స్‌రేలో చూస్తే దానిమ్మ గింజల్లా తెల్లటి ముక్కలు, చుట్టూ సన్నని నల్లటి అంచు. ఎక్కువగా పై దవడ ముందు భాగంలో వస్తుంది. కాంప్లెక్స్ రకంలో ఆకారం కుదరదు, తెల్లటి గట్టి ముద్దే. ఇది వెనక దంతాల వైపు ఎక్కువ. వందలు అనేది చాలా అరుదైన సంగతి, మామూలుగా నాలుగైదో, పదో ఉంటాయి. వాపు కూడా తెలియదు. శాశ్వత పన్ను రాలేదనో, పాలపన్ను ఊడలేదనో ఎక్స్‌రే తీస్తే బయటపడుతుంది. తీసేస్తే సరి. నిజం చెప్పాలంటే దీన్ని కణితి అనే కంటే ఎదుగుదలలో వచ్చిన తప్పు అనడమే సరైనదంటారు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి. అమెరికా లెక్కల్లో పంటి కణితుల్లో మొదటి స్థానం ఒడాంటోమాది. మన దేశంలో, ఆఫ్రికాలో ఆస్పత్రుల రికార్డులు తీస్తే మొదట కనిపించేది అమెలోబ్లాస్టోమా. మన దవడలు వేరా? కొంత తేడా ఉన్నా ఉండొచ్చు. కానీ పెద్ద కారణం ఒకటి సూటిగా కనిపిస్తుంది. అక్కడ బడి పిల్లలకు క్లిప్పులు పెట్టడానికో, చెకప్ కోసమో ఎక్స్‌రే తీస్తారు, చప్పుడు చేయని ఒడాంటోమాలు దొరికిపోతాయి. తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్తుంది, లెక్కలోకి ఎక్కుతుంది. మన దగ్గర ముఖం వంకరయ్యాకే ఎక్స్‌రే. కాబట్టి రికార్డులో పెద్ద గడ్డలే మిగులుతాయి. నా దృష్టిలో ఆ లెక్క మన దవడల గురించి చెప్పేదానికంటే మన ఆలస్యం గురించి చెప్పేదే ఎక్కువ.

టెన్నిస్ రాకెట్, మంచు తుపాను, ఇంకా...

మిగతావి అరుదు కాబట్టి త్వరగా చూసేద్దాం. మిక్సోమా అనేది మెత్తటి కణజాలం నుంచి పుట్టే జెల్లీ లాంటి గడ్డ. ఎక్స్‌రేలో లోపలి గోడలు నిటారుగా, అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకుంటూ టెన్నిస్ రాకెట్ జాలీలా కనిపిస్తాయి. తొడుగు ఉండదు కాబట్టి పూర్తిగా తీయడం కష్టం, తిరిగి వచ్చే అలవాటుంది. సిమెంటోబ్లాస్టోమా పంటి వేరుకే అతుక్కుని పెరిగే తెల్లటి గుండ్రటి ముద్ద, చుట్టూ నల్లటి వలయం. ఎక్కువగా కింది మొదటి పెద్ద దంతానికి. ఇది మాత్రం నొప్పి పెడుతుంది, విచిత్రంగా ఆ పన్ను బతికే ఉంటుంది.

ఇక పిండ్‌బర్గ్ ట్యూమర్. నల్లటి మచ్చలో, రాని పంటి తల చుట్టూ తెల్ల చుక్కలు గుంపుగా పేరుకుంటాయి. గాలికి కొట్టుకొచ్చిన మంచులా ఉంటుందని పుస్తకాలు రాస్తాయి. మంచు చూడని మనకు ఈ పోలికలు కొంచెం దూరమే. పత్తి మిల్లు కిటికీ జాలీకి పట్టిన దూది అనుకోండి, దగ్గరగా ఉంటుంది. దీనికి పేరిచ్చిన యెన్స్ పిండ్‌బర్గ్ డెన్మార్క్ డాక్టర్. మన తెలుగువాళ్లతో ఆయనకు సంబంధం ఉంది. డాక్టర్ ఫలీ మెహతాతో కలిసి ఆయన పాల్గొన్న, 1969లో అచ్చయిన పెద్ద సర్వేలో దేశంలోని 50,915 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించారు. అందులో ఒక జిల్లా శ్రీకాకుళం. చుట్ట కాలే వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటుకు పేరుపడ్డ ప్రాంతం అది.

కెరటోసిస్ట్ సంగతి ఇంకా తమాషా. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిస్ట్ జాబితా నుంచి తీసి ట్యూమర్ల జాబితాలో పెట్టింది. 2017లో మళ్లీ సిస్ట్‌గా మార్చేసింది. పేరు ఏదైనా దాని బుద్ధి ఒకటే. దవడను బయటికి ఉబ్బించకుండా, ఎముక లోపల సొరంగంలా పొడుగునా పాకుతుంది. అందుకే ముఖం మామూలుగానే ఉంటుంది, ఓపీజీ తీస్తే సగం దవడ నల్లగా కనిపిస్తుంది. ఇది కూడా తిరిగి వచ్చే రకమే.

ఎక్స్‌రే చెప్పలేనిది

సబ్బు బుడగలు కనిపిస్తే అమెలోబ్లాస్టోమా అని గూగుల్ చెప్పేస్తుంది. మంచి డాక్టర్ చెప్పరు. ఎందుకంటే అవే బుడగలు మిక్సోమాలో కనిపించొచ్చు, కెరటోసిస్ట్‌లో కనిపించొచ్చు, ఎముకలో రక్తనాళాల గడ్డలోనూ కనిపించొచ్చు. చివరిది తెలియక కోస్తే ఆగని రక్తం. అందుకే ముక్క తీసే ముందు సూదితో లాగి చూస్తారు. గడ్డి రంగు నీళ్లు వస్తే ఒక అర్థం, జున్ను ముక్కల్లాంటి తెల్ల పదార్థం వస్తే ఇంకో అర్థం, ఎర్రటి రక్తం పొంగితే అక్కడే ఆగిపోతారు.

ఎక్స్‌రే అనుమానితుల లిస్టును పది నుంచి మూడుకు తగ్గిస్తుంది. తీర్పు ఇచ్చేది బయాప్సీ. "ముక్క తీస్తే గడ్డ పాకుతది" అనే భయం మన దగ్గర గట్టిగా ఉంది. ఈ కణితుల విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. పెద్ద గడ్డ అయితే సీటీ, లేదా దవడల కోసం వాడే సీబీసీటీ తీస్తారు. ఓపీజీ అడ్డంగా మాత్రమే చూపిస్తుంది, ఇవి మందాన్నీ చూపిస్తాయి.

వాపు వారాల్లో గబగబా పెరిగినా, కింది పెదవి మొద్దుబారినా, మెడలో గడ్డలు తగిలినా ఆగొద్దు. ఈ కుటుంబంలో నిజమైన క్యాన్సర్లు చాలా అరుదు, కానీ ఉన్నాయి.

తాండూరు నుంచి రైలెక్కితే

తాండూరు వాళ్లకు హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన పని మొదటి రోజే ఉండకపోవచ్చు. అదే రైలు దారిలో వికారాబాద్ ఉంది, దాని పక్కన కొత్రేపల్లిలో శ్రీసాయి డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీ అంటే పళ్లు పీకే చోటే కాదు. ఎక్స్‌రేలు చదవడానికి ఒక విభాగం, బయాప్సీ ముక్కను మైక్రోస్కోప్ కింద చూడ్డానికి ఓరల్ పాథాలజీ అనే విభాగం, ఆపరేషన్‌కు సర్జరీ విభాగం, అన్నీ ఒకే ప్రాంగణంలో ఉండేలా ఆ చదువు ఏర్పాటు చేసుకుంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉండనే ఉంది. ఓపీ రూములో "ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ ఎటువైపు?" అని అడిగితే చాలు.

వెళ్లేటప్పుడు ఫోన్ పనికొస్తుంది. గ్యాలరీలో రెండేళ్ల క్రితం ఫొటోలు వెతికి పెట్టుకోండి, పెళ్లిలో దిగినవైనా సరే. వాపు ఎప్పుడు మొదలైందో మీ జ్ఞాపకం కంటే అవే కచ్చితంగా చెప్తాయి. సెల్ఫీ కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారు చేస్తుంది, డాక్టర్‌కు చూపించేటప్పుడు ఏ పక్కో నోటితో చెప్పండి. ఓపీజీ ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్‌కు ఆనించి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ సన్నటి గీతలు, మంచు రవ్వలు అన్నీ పోతాయి. సెంటర్‌లోనే డిజిటల్ ఫైల్ అడిగి తీసుకుని, డాక్యుమెంట్‌గా పంపండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి. మూడేళ్ల కిందటి చిన్న ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తే గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో తెలిసిపోతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, మీకు చెప్పిన ఆపరేషన్ అందులో వస్తుందో రాదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

చిన్న కోత, పెద్ద కోత

రెండు దారులు ఊహించండి. ఇరవై రెండేళ్ల కుర్రాడు. జ్ఞానదంతం నొప్పికని ఓపీజీ తీస్తే, ఆ పన్ను చుట్టూ ఉసిరికాయంత నల్లటి సంచి. ఒకే గది రకం అని బయాప్సీ చెప్పింది. చాలా సందర్భాల్లో సంచిని, పన్నును తీసేసి, చుట్టూ ఎముకను జాగ్రత్తగా శుభ్రం చేసి, ఏళ్ల తరబడి గమనిస్తారు. ముఖం మీద గాటు కూడా ఉండకపోవచ్చు.

అదే కుర్రాడు ముప్పైలో, చాలా గదుల అమెలోబ్లాస్టోమాతో వస్తే? గోకి తీసేస్తే సరిపోదు. ఇందాక చెప్పిన పాయింట్ ఇక్కడే. గడ్డ ఎక్స్‌రేలో కనిపించే గట్టు దాటి, ఎముక మజ్జలోకి కొన్ని మిల్లీమీటర్లు వేర్లు దించి ఉంటుంది. గోకినప్పుడు అవి మిగిలిపోతాయి, తిరిగి వస్తుంది. అందుకే కనిపించే గట్టుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు అవతల ఆరోగ్యంగా ఉన్న ఎముకతో సహా కోస్తారు. కొన్నిసార్లు సగం దవడ. ఆ ఖాళీని నింపడానికి కాలి పిక్కలో ఉండే సన్నటి ఎముకను, దాని రక్తనాళంతో సహా తెచ్చి మెడలోని రక్తనాళానికి కుడతారు. గంటల తరబడి పట్టే ఆపరేషన్. తర్వాత ఆ ఎముకలో ఇంప్లాంట్లు వేసి పళ్లు పెట్టొచ్చు. నడక తిరిగి వస్తుంది, నమలడం తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, ఉద్యోగం ఆగుతుంది, డబ్బు పోతుంది.

మందుల వైపు కూడా ఓ చిన్న కిటికీ తెరుచుకుంది. 2014లో పరిశోధకులు చాలా అమెలోబ్లాస్టోమాల్లో, ముఖ్యంగా కింది దవడవాటిలో, బీరాఫ్ అనే జన్యువులో ఒకే మార్పు ఉందని గుర్తించారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ అదే మార్పు కనిపిస్తుంది, దానికి మాత్రలున్నాయి. ఆ మాత్రలతో కొందరి దవడ గడ్డలు కుదించుకుపోయినట్టు రిపోర్టులు వచ్చాయి. ఇంకా అందరికీ ఇచ్చే వైద్యం కాదు, సర్జరీయే ప్రధానం.

ఆపరేషన్ అయ్యాక కూడా ఈ గడ్డను పూర్తిగా నమ్మరు. పదేళ్ల తర్వాత తిరిగి వచ్చిన కేసులున్నాయి. కాబట్టి మొదట్లో ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఓపీజీ. సంచి మాత్రమే తీసిన కుర్రాడి ఫొటోలో మొదటిసారి ఆ చోటు నల్లగానే ఉంటుంది. మరుసటి ఏడాది అంచుల నుంచి తెల్లటి పోగులు లోపలికి పాకుతాయి. ఇంకో ఏడాదికి, పాత ఫిల్మ్ పక్కన పెట్టి వేలు పెట్టి చూపిస్తే తప్ప, గడ్డ ఎక్కడుండేదో పోల్చుకోలేం.